హ్రాంత్ బగ్రాత్యాన్: ఆర్మేనియాని గట్టెక్కించాడంటారు, మరి ఓట్లు 2.15 శాతమేనా?

నల్లరేగడి
సోవియట్ నుంచి విడిపోయిన దేశాల గురించి చదువుతుంటే ఈ పేరు పదేపదే తగులుతోంది. ఆర్థికవేత్త. 1993 ఫిబ్రవరి నుంచి 1996 నవంబర్ దాకా ఆర్మేనియా ప్రధాని. భూముల పంపకం, ద్రామ్ అనే సొంత నోటు, ప్రైవేటీకరణ, మూతపడ్డ అణు విద్యుత్ కేంద్రం మళ్ళీ తెరవడం, అన్నీ ఆయన ఖాతాలోనే వేస్తారు. బాల్టిక్ దేశాలు మూడింటినీ పక్కన పెడితే పాత సోవియట్‌లో అందరికంటే ముందు, 1994లోనే, వృద్ధి బాట పట్టింది ఆర్మేనియా అని కూడా రాస్తారు. అంత చేసినాయన 2013లో అధ్యక్ష పదవికి నిలబడితే వచ్చింది 2.15 శాతం. ఎక్కడ చెడింది? "జనానికి కృతజ్ఞత లేదు" లాంటి రెడీమేడ్ జవాబు మాత్రం వద్దు బాబూ. ఏం చేశాడు, ఎలా చేశాడు, ఎక్కడ తేడా కొట్టింది, అది చెప్పండి.

గుంటూరుఘాటు
గట్టెక్కించాడా, ముంచాడా అన్నదే తేలలేదు. మీరు మాత్రం టైటిల్లోనే తీర్పు ఇచ్చేశారు.

నల్లరేగడి
"అంటారు" అని పెట్టాను కదండీ. చూడండి.

లెక్కలమాస్టారు
ముందు వరస చూసుకుందాం, లేకపోతే అందరం గాల్లో కొట్టుకుంటాం.

1958లో యెరెవాన్‌లో పుట్టాడు. సైన్సెస్ అకాడమీ ఆర్థికశాస్త్ర సంస్థలో పరిశోధకుడు. 1990లో ఆర్మేనియా జాతీయోద్యమం గెలిచి లెవాన్ తెర్-పెత్రోస్యాన్ (తర్వాత దేశాధ్యక్షుడు) పైకి వచ్చినప్పుడు బగ్రాత్యాన్ ఉపప్రధానిగా, ఆర్థిక వ్యవహారాల మంత్రిగా ప్రభుత్వంలోకి వచ్చాడు. అంటే 1991 భూ చట్టం నాటికి ఆయన ప్రధాని కాదు, కానీ ఆ పనంతా ఆయన టేబుల్ మీదే జరిగింది. అప్పటి ప్రధాని ఖోస్రోవ్ హరుత్యున్యాన్‌కి, లెవాన్‌కి ఆర్థిక విధానం మీద పడక హరుత్యున్యాన్ దిగిపోయాక, 1993 ఫిబ్రవరిలో 34 ఏళ్ళ వయసులో ప్రధాని అయ్యాడు.

పనుల వరస ఇది. 1991 భూమి. 1993 నవంబర్ 22 ద్రామ్. 1994 చివర్లో ప్రైవేటీకరణ సర్టిఫికెట్లు (ఫ్యాక్టరీ షేర్ల కోసం జనానికి పంచిన కాగితాలు), ఐఎంఎఫ్ ప్రోగ్రాం. 1995 నవంబర్ 5 మెత్సమోర్ అణు కేంద్రం రెండో యూనిట్. ఈ నాలుగింటినీ విడివిడిగా చూడాలి. ఒకదాంట్లో పాసు, ఒకదాంట్లో ఫెయిలు, మిగతా రెండూ గ్రేస్ మార్కులు. ఏది ఏమిటో మీరే తేల్చండి.

గుంటూరుఘాటు
మాస్టారూ, యుద్ధం ఏది మీ వరసలో? అజర్‌బైజాన్‌తో కరబాఖ్ యుద్ధం నడుస్తోంది. అజర్‌బైజాన్ 1989 నుంచే రైళ్ళు ఆపింది. 1993 ఏప్రిల్‌లో టర్కీ సరిహద్దు మూసేసింది. 1992 ఆగస్టులో జార్జియాలోని అబ్ఖాజియా యుద్ధంతో రష్యా వైపు రైలు మార్గమూ పోయింది. ఇక మిగిలింది జార్జియా రోడ్డు, దక్షిణాన ఇరాన్ వైపు చిన్న సరిహద్దు.

లెక్కలమాస్టారు
దాన్ని వరసలో పెట్టనిది అది ఆయన చేసిన పని కాదు కాబట్టి. నాలుగు పనులూ ఆ నేపథ్యంలోనే చేశాడు, అందులో అనుమానం లేదు.

మెట్టపొలం
భూమి సంగతి నేను రాస్తాను. దీని గురించి నెట్‌లో ఎక్కువగా "అందరికంటే ముందు పంచారు" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తారు. అసలు విషయం ఎలా పంచారన్న దాంట్లో ఉంది.

1991 జనవరిలో చట్టం వచ్చింది, ఇంకా సోవియట్ యూనియన్ బతికి ఉండగానే. కొల్‌ఖోజ్, సొవ్‌ఖోజ్ అనే సమష్టి, ప్రభుత్వ క్షేత్రాలని విడగొట్టి కుటుంబాలకి ఇవ్వడం. ముగ్గురి దాకా ఉన్న కుటుంబానికి ఒక వాటా, నలుగురి నుంచి ఆరుగురికి రెండు వాటాలు, ఏడుగురు ఆపైన ఉంటే మూడు. వాటా అంటే ఇన్ని హెక్టార్లని దేశమంతటా ఒకటే కొలత లేదు. ఊళ్ళో పంచదగ్గ భూమిని మొత్తం వాటాలతో భాగించడమే. ఉదాహరణకి 300 హెక్టార్లు, 250 వాటాలు అనుకోండి, వాటాకి 1.2 హెక్టార్లు. ఎవరికి ఏ ముక్క అన్నది చీటీ తీసి తేల్చారు. కొంత భూమి రిజర్వు కింద ఉంచారు, పచ్చిక బయళ్ళు పంచలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. తేడా ఇక్కడ వచ్చింది. నీటి పారుదల ఉన్న నేల, వర్షాధారం నేల, తోట, ఈ మూడింట్లో ప్రతి కుటుంబానికీ సమానంగా ఇవ్వాలి కదా. అందుకని ఒక్కో కుటుంబానికి మూడు, నాలుగు చోట్ల ముక్కలు వచ్చాయి. సగటు కమతం 1.4 హెక్టార్లే, అదీ ఒక్కచోట లేదు. కొల్‌ఖోజ్ ద్రాక్షతోట అంటే పొడుగాటి వరసలు, ఒకటే తీగ పందిరి, ఒకటే కాలువ. దాన్ని వరసల లెక్కన పంచుకున్నారు. నా వరసకి మందు కొడితే పక్క వరసవాడు కొట్టడు. తెగులు ఎక్కడికి పోతుంది?

సందేహాలమూట
ట్రాక్టర్లు ఎలా పంచారండి?

మెట్టపొలం
అదే గొడవ. భూమిని కోయొచ్చు గానీ ట్రాక్టర్ని కోయలేం. కొన్ని కుటుంబాలకి కలిపి ఇచ్చారు, కొన్ని అమ్మేశారు. సోవియట్ యంత్రాలన్నీ వందల హెక్టార్ల మళ్ళకి తయారైనవి. ఆ కంబైన్‌ని ఒకటిన్నర హెక్టార్ల మడిలో తిప్పడానికే జాగా ఉండదు. డీజిల్ లేదు, విడిభాగాలు లేవు. ఇక నీళ్ళు. ఆర్మేనియాలో సాగునీరు చాలా భాగం పంపింగ్ స్టేషన్ల మీద ఆధారపడింది. కరెంటే లేనప్పుడు పంపు ఎలా తిరుగుతుంది?

పశువుల సంగతి ఇంకా దారుణం. డెయిరీలు, కోళ్ళ ఫారాలు బయటి నుంచి వచ్చే దాణా గింజల మీద నడిచేవి. దిగ్బంధంతో దాణా ఆగింది. దాణా లేని మందని కోయడమో అమ్మడమో తప్ప రైతుకి ఇంకో దారి లేకపోయింది.

గుంటూరుఘాటు
చూశారా, ముందు నీళ్ళూ యంత్రాలూ సర్దుకుని తర్వాత పంచాలి. వరసే తప్పు.

మెట్టపొలం
ఒక్క నిమిషం. 1992, 93 చలికాలాల్లో ఊళ్ళు ఆకలితో చావకుండా నిలబడింది ఈ ముక్కల వల్లే. పట్నాల్లో రొట్టె రేషన్ మనిషికి రోజుకి 250 గ్రాములు. ఊళ్ళో వాడికి సొంత గోధుమ, బంగాళాదుంప, జున్ను ఉన్నాయి. ఫ్యాక్టరీ మూతపడి సొంతూరికి వెళ్ళిన వాళ్ళని మోసింది కూడా ఆ భూమే. వ్యవసాయం వాటా జీడీపీలో 40 శాతం చుట్టుపక్కలకి వెళ్ళింది. సేద్యం విరగపండి కాదులెండి, పరిశ్రమ కూలిపోవడం వల్ల. కానీ జనం తిన్నది అదే. నీళ్ళూ యంత్రాలూ సర్దుకునేదాకా ఆగితే 1995 వచ్చేది, ఈలోగా కొల్‌ఖోజ్ ఆస్తులు ఛైర్మన్ల ఇళ్ళకి చేరేవి.

లెక్కలమాస్టారు
మెట్టపొలం గారి మాటకి ఒకటి కలుపుతాను. మొదట్లో పంచిన భూమి అమ్మడానికి వీల్లేదని పెట్టి, తర్వాత ఎత్తేశారు. ఎత్తేసినా పెద్దగా కొనుగోళ్ళు జరగలేదు. కొనేవాడి దగ్గర డబ్బు లేదు, బ్యాంకు అప్పు ఇవ్వదు, పక్కాగా సర్వే చేసిన కాగితం చేతికి వచ్చేసరికి ఏళ్ళు పట్టింది. అందుకే ముక్కలు ముక్కలుగానే ఉండిపోయాయి.

కాకతీయ77
సగటు 1.4 హెక్టార్లంటే మన రెండు రాష్ట్రాల సగటు కమతం కంటే ఎక్కువే. మనకి హెక్టారు చుట్టుపక్కలే. అక్కడ ఏడాదికి ఒక్క పంట, ఆపైన మంచు, అది తేడా.

రూబుల్‌రావు
నోటు సంగతి నాకు వదిలేయండి. 😄

1993 జూలై 24న రష్యా సెంట్రల్ బ్యాంకు ఒక్క ప్రకటనతో 1961 నుంచి 1992 దాకా అచ్చయిన రూబుళ్ళని రద్దు చేసింది. రష్యాలో రద్దయిన నోట్లు ఎక్కడికి పోతాయి? ఇంకా చెల్లుతున్న దేశాలకి. ఆర్మేనియా వాటిలో ఒకటి. సెప్టెంబర్‌లో రష్యాతో కలిసి కొత్త తరహా రూబుల్ జోన్ అని ఒప్పందం మీద సంతకం పెట్టారు, కజఖ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, బెలారస్, తజికిస్తాన్‌లతో పాటు. తీరా చూస్తే నోట్లు కావాలంటే బంగారమో డాలర్లో పూచీ పెట్టమని మాస్కో అడిగింది. అవే ఉంటే రూబుల్ ఎందుకు? నవంబర్ 15న కజఖ్‌లు తెంగె తెచ్చుకున్నారు, అదే రోజు ఉజ్బెక్‌లు కూపన్లు తెచ్చుకున్నారు. అంటే ఆ రెండు దేశాల పాత రూబుళ్ళు కూడా మిగిలిన చోటికే దొర్లుతాయి. వారం తిరిగేసరికి, 22న, ఆర్మేనియా ద్రామ్ విడుదల చేసింది.

200 రూబుళ్ళకి ఒక ద్రామ్. నోట్లు జర్మనీలో గీసెకె అండ్ డెవ్రియెంట్ దగ్గర అచ్చు వేయించారు: 10, 25, 50, 100, 200, 500. ద్రామ్‌లో వందో వంతు లూమా, ఆ నాణేలు మరుసటి ఏడాది వచ్చాయి. వచ్చేసరికి వాటితో కొనడానికి ఏమీ మిగల్లేదు.

మొదట డాలర్‌కి 14 పైచిలుకు ద్రాములు. డిసెంబర్ ఆఖరుకి 70 దాటింది. 1994 ఆఖరుకి 405.

సందేహాలమూట
14 నుంచి 405కా! ఏడాదిలోనా! మరి ఇది విజయం ఎలా అవుతుంది?

రూబుల్‌రావు
నోటు మార్చినంత మాత్రాన ధరలు ఆగవు. బడ్జెట్ లోటుని సెంట్రల్ బ్యాంకు అప్పుతో పూడ్చినన్నాళ్ళూ నోటు మీద ఏ బొమ్మ ఉన్నా ఒకటే. యుద్ధం ఖర్చు, మూతపడ్డ ఫ్యాక్టరీలకి రుణాలు, రొట్టె సబ్సిడీ, మూడూ అచ్చు యంత్రం మీదే నడిచాయి. 1993లో ధరల పెరుగుదల పదివేల శాతం దాటింది. సొంత నోటు వల్ల వచ్చిన లాభం ఒకటే: కుళాయి మాస్కోలో కాకుండా యెరెవాన్‌లో ఉంది. కుళాయి కట్టేసింది 1994లో. మేలో కాల్పుల విరమణ వచ్చింది, ఫ్యాక్టరీల రుణాలు బిగించారు, రొట్టె ధర పెంచారు, డిసెంబర్‌లో ఐఎంఎఫ్ డబ్బు వచ్చింది. ఆ తర్వాత చూడండి. 1995 ఆఖరుకి డాలర్ రేటు మళ్ళీ 400 దగ్గరే. ధరల పెరుగుదల ఆ ఏడాది 32 శాతం, 1996లో 6 లోపు. పదివేల నుంచి ఆరుకి మూడేళ్ళలో దిగింది.

పైసావసూల్
పేర్లతో చస్తున్నా. అప్పటి సెంట్రల్ బ్యాంకు ఛైర్మన్ బగ్రాత్ అసత్ర్యాన్, ప్రధాని హ్రాంత్ బగ్రాత్యాన్. నోటు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకైనా తెలుసా?

రూబుల్‌రావు
అసత్ర్యాన్ 1994లో వచ్చాడు. ద్రామ్ విడుదల నాటికి ఇసాహక్ ఇసాహక్యాన్. ఇది ఇంకా కష్టం కదా.

కరెంటోడు
అణు కేంద్రం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

మెత్సమోర్ యెరెవాన్‌కి పశ్చిమంగా 30 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వీవీఈఆర్-440 రకం రియాక్టర్లు రెండు, ఒక్కోటి 400 మెగావాట్ల పైచిలుకు. 1988 డిసెంబర్ 7 స్పితాక్ భూకంపంలో కేంద్రం దెబ్బతినలేదు, కానీ భయంతో 1989 ఫిబ్రవరి, మార్చిల్లో రెండూ ఆపేశారు. అప్పటికి సోవియట్ గ్రిడ్ ఉంది, గ్యాస్ ఉంది, లోటు తెలియలేదు. మూడేళ్ళలో రెండూ పోయాయి. జార్జియా మీదుగా వచ్చే గ్యాస్ పైపుని 1993లో ఒకటికి పదిసార్లు పేల్చేశారు. బాగుచేయడం, మళ్ళీ పేల్చడం.

ఇక మిగిలింది సెవాన్ సరస్సు నుంచి హ్రజ్దాన్ నది వెంట మెట్లు మెట్లుగా ఉన్న జల విద్యుత్ కేంద్రాలు. ఇక్కడే అసలు చిక్కు. ఆ నీళ్ళు వేసవిలో అరరాత్ లోయ పొలాలకి వదలాల్సినవి. చలికాలం కరెంటు కోసం వదిలేస్తే వేసవికి ఉండవు, పైగా సరస్సు మట్టం పడిపోతుంది. ఆ మట్టం నిలబెట్టడానికి సోవియట్ వాళ్ళు 48 కిలోమీటర్ల సొరంగం తవ్వి అర్పా నది నీళ్ళు తెచ్చి పోశారు, 1981లో పూర్తయింది. ఆ కష్టమంతా ఈ మూడు చలికాలాల్లో టర్బైన్ల పాలైంది. అయినా ఇంటికి రోజుకి గంటో రెండు గంటలో కరెంటు.

యెరెవాన్ ఫ్లాట్ల పాత ఫోటోలు చూస్తే ప్రతి కిటికీలోంచీ ఒక రేకు గొట్టం బయటికి పొడుచుకుని ఉంటుంది, దాని పైన గోడంతా మసి. లోపల రేకు పొయ్యి. పార్కుల్లో చెట్లు అయిపోయాక నేల మీది చెక్క పలకలు, ఆ తర్వాత పుస్తకాలు పొయ్యిలోకి వెళ్ళాయి. ఆరేడు అంతస్తుల పైకి నీళ్ళ బకెట్లు మోయాలి, ఎందుకంటే లిఫ్టు, నీళ్ళ పంపు రెండూ కరెంటువే.

కరెంటోడు
(పై దానికి కొనసాగింపు) మళ్ళీ తెరవడం అంటే స్విచ్ వేయడం కాదు. ఆరేళ్ళకి పైగా చల్లగా పడి ఉన్న రియాక్టర్. చెల్లాచెదురైన సిబ్బందిని వెనక్కి పిలవాలి, చాలామంది రష్యా వెళ్ళిపోయారు. పైపులు, వెల్డింగులు ఒక్కొక్కటీ తనిఖీ చేయాలి. భూకంపాన్ని తట్టుకునేలా సామగ్రిని గోడలకి, పునాదులకి బిగించాలి. ఇంధనం విమానంలో తేవాలి, రైలు దారి లేదు కాబట్టి. డబ్బు, ఇంధనం, నిపుణులు అన్నీ రష్యావే. ఆ రియాక్టర్‌కి పాశ్చాత్య రకాలకి ఉండే పెద్ద కాంక్రీటు గుమ్మటం లేదు, అందుకే యూరప్ అంతా వద్దని మొత్తుకుంది. అయినా పాత ఒకటో యూనిట్ని వదిలేసి రెండోదాన్ని 1995 నవంబర్ 5న తెరిచారు. ఆ చలికాలం నుంచే కరెంటు కష్టాలు తీరడం మొదలైంది. దేశం కరెంటులో సుమారు 40 శాతం అదొక్కటే ఇచ్చిన ఏళ్ళున్నాయి.

దీని బిల్లు తర్వాత వచ్చింది. ఇంధనం బాకీలు పేరుకుపోయి, 2003లో కేంద్రం ఆర్థిక నిర్వహణ రష్యా కంపెనీ చేతికి ఇవ్వాల్సి వచ్చింది.

నల్లరేగడి
అన్నా, ఇలాంటి పోస్టుల కోసమే ఈ థ్రెడ్ పెట్టాను.

గుంటూరుఘాటు
పోస్టు బాగుంది. కానీ అణు కేంద్రం బగ్రాత్యాన్ సొంత ఆలోచనేం కాదు. ఎవరు ప్రధానిగా ఉన్నా తెరిచేవాళ్ళే, వేరే దారే లేదు. ఇక మీ "1994లోనే వృద్ధి" సంగతి చూద్దాం. 1991 జీడీపీని 100 అనుకోండి. 1992లో 41.8 శాతం పడింది, అంటే 58.2. 1993లో ఇంకో 8.8 పడి 53. ఆ తర్వాత 5.4, 6.9, 5.9 శాతం చొప్పున పెరిగితే 1996కి 63. ఆయన దిగిపోయే నాటికి దేశం 1991లో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు కూడా లేదు. 1991 కూడా పడిపోయిన సంవత్సరమే. అడుగుకి పడ్డాక బంతి ఎటూ కొంచెం పైకి లేస్తుంది.

లెక్కలమాస్టారు
లెక్క సరిగ్గా వేశారు. వ్యాఖ్యానంతో ఒప్పుకోను. అడుగుకి పడితే దానంతటదే లేచేదయితే 1994లో పక్కవాళ్ళూ లేవాలి. ఆ ఏడాది జార్జియా 10 శాతం పడింది, అజర్‌బైజాన్ దాదాపు 20, ఉక్రెయిన్ దాదాపు 23. అజర్‌బైజాన్‌కి చమురుంది, ఉక్రెయిన్‌కి అప్పట్లో యుద్ధమే లేదు. రెండు పక్కలా సరిహద్దులు మూసుకున్న ఆర్మేనియా లేచింది. కారణం రూబుల్‌రావు చెప్పిన కుళాయి కట్టేయడం.

గుంటూరుఘాటు
అమెరికా గోధుమలు, ప్రవాస ఆర్మేనియన్ల డాలర్లు, కాల్పుల విరమణ, ఇవన్నీ మర్చిపోయి కుళాయి ఒక్కటే చూస్తున్నారు. జార్జియాలో 1993 దాకా అంతర్యుద్ధం.

లెక్కలమాస్టారు
సాయం ముందు నుంచే వస్తోంది, 1992లోనూ వచ్చింది. సాయం కడుపు నింపుతుంది. ధరల్ని పదివేల నుంచి ఆరుకి దించదు.

పైసావసూల్
మీరిద్దరూ కానివ్వండి, మేం టీ తాగొస్తాం.

కాకతీయ77
మన పీవీ గారు గుర్తుకు రావట్లేదా ఎవరికీ? 1991లో సంస్కరణలు, 1996 మేలో కాంగ్రెస్‌కి 140 సీట్లు. బగ్రాత్యాన్ అదే ఏడాది నవంబర్‌లో దిగిపోయాడు. ఇంకో ముచ్చట: 1995 డిసెంబర్‌లో తెర్-పెత్రోస్యాన్ ఢిల్లీ వచ్చి భారత్-ఆర్మేనియా స్నేహ ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఇక్కడ ప్రధాని పీవీనే.

లెక్కలమాస్టారు
పోలిక పైపైన బాగుంది, లోపల తిరగబడుతుంది. ఇక్కడ పైన రాజకీయ నాయకుడు, కింద ఆర్థికవేత్త మన్మోహన్. అక్కడ పైన ఉన్న లెవాన్ ప్రాచీన భాషల పండితుడు, కింద ఉన్న బగ్రాత్యాన్ ఆర్థిక పండితుడు. ఓటర్ని, పార్టీని పట్టుకుని నడిపేవాడు ఆ ఇద్దరిలో లేడు. పీవీకి నలభై ఏళ్ళ పార్టీ అనుభవం. 2.15 శాతానికి సగం జవాబు ఇందులోనే ఉంది. బగ్రాత్యాన్‌కి సొంత ఓటు బ్యాంకు ఎప్పుడూ లేదు, ఉన్నది లెవాన్ నీడ. దానికి తోడు 1995 జూలై 5 రెఫరెండంతో వచ్చిన రాజ్యాంగం ప్రధానిని పూర్తిగా అధ్యక్షుడి మనిషిని చేసింది.

వోచరమ్మ
సర్టిఫికెట్ల సంగతి వదిలేశారు. ఓట్లు పోయింది అక్కడ.

1994 అక్టోబర్ నుంచి పంచారు. ముఖవిలువ 20,000 ద్రాములు. అప్పటి రేటులో ఒక 50 డాలర్లు అనుకోండి. పద్ధతి ఏమిటంటే, ఫ్యాక్టరీని జాయింట్ స్టాక్ కంపెనీగా మార్చడం, సిబ్బందికి కొంత వాటా, మిగతా షేర్లకి జనం తమ సర్టిఫికెట్లు పెట్టి దరఖాస్తు చేసుకోవడం. కాగితం మీద చక్కగా ఉంది.

ఎందుకు పాడైందంటే: ఒకటి, అప్పటికి మంచి ఫ్యాక్టరీ ఏదో చెప్పే లెక్కలే లేవు. సోవియట్ పద్దులో కోట్ల విలువైన మిల్లు, ముడిసరుకూ మార్కెట్టూ లేక నిజానికి తుక్కు. రెండు, షేరు కొన్నాక అమ్ముకోవడానికి నడిచే ఎక్స్ఛేంజి లేదు, డివిడెండ్ లేదు. మూడు, ఇది పంచింది జనం నేల పలకలు పొయ్యిలో పెట్టుకుంటున్న రోజుల్లో. రొట్టెకి డబ్బు కావాల్సిన వాడు షేరు కోసం ఆగడు, వీధి చివర కొనేవాడికి ముఖవిలువలో చిన్న భాగానికి ఇచ్చేస్తాడు. అలా పోగేసిన వాళ్ళకి ఫ్యాక్టరీలు దక్కాయి. చాలామంది వాటిని నడపలేదు, యంత్రాలు విప్పి తుక్కు ఇనుముగా బయటికి అమ్ముకున్నారు.

భూమి పంపకంలో చీటీ తీశారు, అందరి కళ్ళ ముందూ జరిగింది కాబట్టి దాని మీద అంత కోపం లేదు. సర్టిఫికెట్ల మీద కోపం ఇప్పటికీ ఉంది. మాస్టారు మొదట్లో ఫెయిలు అన్నది ఇదేనా?

లెక్కలమాస్టారు
ఇదే.

మెట్టపొలం
ఇళ్ళ సంగతి కూడా చెప్పండి వోచరమ్మ గారూ. ఫ్లాట్లు ఉన్నవాళ్ళకి ఉచితంగా రాసిచ్చేశారు. అదేమీ చిన్న విషయం కాదు.

వోచరమ్మ
నిజమే. కానీ ఆ ఫ్లాటు అమ్ముకుని లాస్ ఏంజెలెస్‌కో రష్యాలోని క్రాస్నదార్‌కో వెళ్ళిపోయిన వాళ్ళెంతమంది! లక్షల్లో వెళ్ళారు. మేలు పొందినవాడు దేశంలో లేడు, ఓటు వేయడానికి మిగిలింది కోపం ఉన్నవాడు.

నల్లరేగడి
ఇది నాకు తట్టలేదు. 1996లో దిగిపోవడం సర్టిఫికెట్ల వల్లేనా?

గుంటూరుఘాటు
కాదు, ఎన్నికల వల్ల. 1996 సెప్టెంబర్ 22న అధ్యక్ష ఎన్నిక. లెవాన్‌కి 51.75 శాతం, వాజ్గెన్ మనుక్యాన్‌కి 41.29. సగం దాటితే రెండో రౌండు అక్కర్లేదు, దాటింది అంతంతమాత్రంగా. రిగ్గింగ్ అంటూ 25న జనం పార్లమెంటు మీద పడ్డారు, వీధుల్లోకి సైన్యం దిగింది. పరువు పోయిన ప్రభుత్వానికి కొత్త ముఖం కావాల్సి వచ్చింది. నవంబర్‌లో బగ్రాత్యాన్‌ని దింపి లండన్‌లో రాయబారిగా ఉన్న భౌతికశాస్త్రవేత్త ఆర్మెన్ సర్గిస్యాన్‌ని తెచ్చారు.

ఎన్నికల్లో జరిగిన తప్పుకి ఆర్థిక సంస్కర్త బలి అయ్యాడని ఆయన అభిమానులు అంటారు. నాకైతే ఆయన మీద జాలి లేదు. నాలుగేళ్ళు ఆ ప్రభుత్వానికి నాయకత్వం వహించిన మనిషి.

పైసావసూల్
సర్గిస్యాన్, సర్గ్‌స్యాన్... ఎంతమంది అండీ! ఆర్మెన్, వాజ్గెన్, ఆరామ్, సెర్జ్, తిగ్రాన్. ఐదుగురు ప్రధానులు ఒకే ఇంటిపేరు. మన ముఖ్యమంత్రుల జాబితాలో రెడ్లు గుర్తొచ్చారు.

కాకతీయ77
వాజ్గెన్, ఆరామ్ మాత్రమే సొంత అన్నదమ్ములు. 1999 అక్టోబర్ 27న వాజ్గెన్‌ని పార్లమెంటులోనే కాల్చి చంపితే తమ్ముడు ఆరామ్ ప్రధాని అయ్యాడు. సెర్జ్, తిగ్రాన్‌లకి చుట్టరికం లేదు.

పెన్షన్‌పేపర్
తిగ్రాన్ పేరు వచ్చింది కాబట్టి. ఈ ప్రశ్నకి ఆయన ఇంకో ఉదాహరణ. ఆయనా ఆర్థికవేత్తే, లెనిన్‌గ్రాద్‌లో చదివాడు. 1998 నుంచి పదేళ్ళు సెంట్రల్ బ్యాంకు ఛైర్మన్, 2008 ఏప్రిల్‌లో ప్రధాని. మరుసటి ఏడాదే జీడీపీ 14.1 శాతం పడింది. ద్రామ్‌ని డాలర్‌కి 305 దగ్గర పట్టుకుని కూర్చుని, 2009 మార్చి 3న వదిలేస్తే ఒక్కరోజులో 370 దాకా పోయింది.

ఆయన్ని ముంచింది మాత్రం పింఛను. 2014 జనవరి 1 నుంచి తప్పనిసరి పొదుపు పింఛను. 1974 జనవరి 1 తర్వాత పుట్టిన వాళ్ళందరికీ. జీతం 5 లక్షల ద్రాముల లోపైతే ఉద్యోగి 5 శాతం, ప్రభుత్వం ఇంకో 5 శాతం. దాటితే మొత్తం 10 శాతం, అందులో 25,000 ద్రాములు ప్రభుత్వం భరించేది, మిగతాది ఉద్యోగి కట్టాలి. లెక్కగా చూస్తే 5 లక్షల లోపు ఉద్యోగికి నష్టమేం లేదు, ప్రతి ద్రామ్‌కీ ఇంకో ద్రామ్ వచ్చేది. కానీ చేతికొచ్చే జీతం జనవరిలోనే తగ్గింది, వచ్చే పింఛను మొదటి బ్యాచ్‌కే దాదాపు పాతికేళ్ళ తర్వాత. ఐటీ కుర్రాళ్ళు రోడ్డెక్కారు. ఏప్రిల్ 2న రాజ్యాంగ న్యాయస్థానం చట్టంలో కొన్ని భాగాలు చెల్లవంది, 3న తిగ్రాన్ రాజీనామా.

సందేహాలమూట
ఆయన కూడా ఎన్నికల్లో నిలబడ్డాడా తర్వాత?

పెన్షన్‌పేపర్
తెలివైనవాడు. వాషింగ్టన్‌కి రాయబారిగా వెళ్ళి, 2016లో మాస్కోలో యురేషియన్ ఆర్థిక కమిషన్ కొలీజియం ఛైర్మన్ కుర్చీ ఎక్కాడు. ఓటరు మొహం చూడక్కర్లేని ఉద్యోగాలు.

నల్లరేగడి
బగ్రాత్యాన్ అలా చేయలేదు కదా, అదే అడుగుతున్నా. 2013లో ఏం జరిగింది?

వోచరమ్మ
1997లో అజాతుత్యూన్ అని సొంత పార్టీ పెట్టుకున్నాడు. 2008 తర్వాత మళ్ళీ లెవాన్‌తో కలిసి ఆర్మేనియా జాతీయ కాంగ్రెస్ కూటమిలోకి వచ్చాడు, 2012లో ఆ జాబితా మీదే ఎంపీ అయ్యాడు. 2013 అధ్యక్ష ఎన్నికకి లెవాన్ నిలబడనన్నాడు, కూటమి దూరంగా ఉంది. ఈయన తన పార్టీ తరఫున నిలబడ్డాడు. కూటమి కార్యకర్త కూడా వెనక లేడన్నమాట.

ఫలితం: అప్పటి అధ్యక్షుడు సెర్జ్ సర్గ్‌స్యాన్ 58.64, రాఫీ హొవనిస్యాన్ దాదాపు 37, మూడో స్థానంలో బగ్రాత్యాన్ 2.15. సెర్జ్ అంటే కోపం ఉన్నవాళ్ళంతా రాఫీకి గుద్దారు. అమెరికాలో పుట్టి పెరిగినవాడు రాఫీ, స్వతంత్ర ఆర్మేనియాకి మొదటి విదేశాంగ మంత్రి, 1992లోనే బయటికి వచ్చేశాడు. చీకటి చలికాలాల మరక అంటలేదు. బగ్రాత్యాన్ టీవీలో అప్పు, పన్ను, ఎగుమతి అంటూ పట్టికలతో మాట్లాడుతుంటే చూసే నలభై ఏళ్ళ మనిషికి కనిపించేది ఆ రేకు పొయ్యి.

గుంటూరుఘాటు
న్యాయంగా అడుగుతున్నా, ఆ చలికాలాలకి బాధ్యుడు కాదా ఆయన? 93, 94, 95 మూడూ ఆయన హయాంలోవే.

కరెంటోడు
గ్యాస్ పైపు పేల్చింది ఆయనా? సరిహద్దు మూసింది ఆయనా? 1989లో రియాక్టర్ ఆపింది సోవియట్ ప్రభుత్వం.

గుంటూరుఘాటు
ఉన్న కొద్ది కరెంటూ ఎవరికి వెళ్ళిందన్నది ప్రభుత్వం చేతిలో ఉన్న విషయం. జనానికి గంటసేపు కరెంటు, పలుకుబడి ఉన్నవాళ్ళ ఇళ్ళకి వేరే లైన్లు. డీజిల్, గోధుమలు తెచ్చే లైసెన్సులు ఎవరికి దక్కాయో చూడండి. ఒక్కసారిగా చేసిన సంస్కరణల షాకు అందరికీ సమానంగా తగిలి ఉంటే 2.15 వచ్చేది కాదు.

లెక్కలమాస్టారు
ఈ ఒక్క పోస్టుకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. లైసెన్సుల వ్యవహారం మీద గుంటూరుఘాటు గారి మాట నిలబడుతుంది.

పైసావసూల్
స్క్రీన్‌షాట్ తీసుకోండి ఎవరైనా. మాస్టారు ఒప్పుకున్నారు.

సందేహాలమూట
ఆ భూమి ముక్కలు తర్వాత కలిపారా, మెట్టపొలం గారూ?

మెట్టపొలం
లేదు. చట్టాలు, పైలట్ ప్రాజెక్టులు చాలా వచ్చాయి. మూడు ముక్కల్లో ఒకటి మనకిస్తే పక్కన ఇంకోటి ఇస్తామంటే, రెండింటికీ నీళ్ళు ఒకలా అందవు, రైతు ఒప్పుకోడు. యజమాని రష్యాలో ఉంటాడు, సంతకం దొరకదు. కొండ ఊళ్ళలో బీడు పడ్డ చేలు బోలెడు. అరరాత్ లోయలో మాత్రం అదే ఒకటిన్నర హెక్టార్లలో ఆప్రికాట్, ద్రాక్ష, గ్రీన్‌హౌస్ టమాటా వేసి రష్యాకి లారీలు పంపుతున్నారు. నీళ్ళు ఉన్నచోట ముక్క చిన్నదైనా నడుస్తుంది.

గుంటూరుఘాటు
అంటే ముందు నీళ్ళు సర్దుకుని...

మెట్టపొలం
మళ్ళీ మొదలెట్టారా!